కబురు రాని పది నిమిషాలు

కాళ్ళ దాటాక ఉప్పుటేరు వైపు తిరిగే మట్టిరోడ్డు చివర
దండు సుబ్బతాతరాజు గారి మకాం.
రేకుల కింద మేత బస్తాలు, నులకమంచం,
గోడ నిండా సున్నపు వేలిముద్రలు.
ఖాళీ సంచి ఒకటి తిరగేసి నేల మీద పరిచి
మార్కరుతో గళ్ళు గీశాను.
ఇది నీళ్ళలో సెన్సారు,
ఇది గట్టు మీది పెట్టె,
ఇది హైదరాబాదులో సర్వరు,
ఇవి చక్రాలు తిప్పే మోటార్లు.
మధ్యలో బాణాలు.

బాణం గీయడం ఎంత తేలిక!
తెల్లవారుజాము మూడింటికి
వాటిలో ఏది తెగుతుందో
సంచి మీద కనపడదు.

రాత్రి కాపలా బలే ఏడుకొండలు
చెవి మీద బీడీతో వంగి చూశాడు.
"నీళ్ళలో ఊపిరి తగ్గితే కబురొత్తది. సరేనండి.
కబురే రాపోతే?"

రాకపోతే అంతా బాగున్నట్టే, అనబోయాను.
మాట నాలుక మీదే ఆగింది.
చచ్చిన సెన్సారు,
నిద్రపోయిన టవరు,
హాయిగా ఉన్న చెరువు
మూడూ ఒకేలా ఊరుకుంటాయి.

ఊరికే చక్రాలు తిరిగితే కరెంటు బిల్లు.
తిరగకపోతే తెల్లారేసరికి
నలభై కౌంటు రొయ్య గట్టువారన తెల్లగా.
ఒక తప్పు వచ్చే నెల కట్టుకోవచ్చు.
రెండోది ఎన్ని నెలలైనా కట్టలేం.
అందుకని రాశాను:
పది నిమిషాలు కబురు లేకపోతే
చక్రాలు తిరగాలి, ఎవర్నీ అడక్కుండా.

పదే ఎందుకు, ఎనిమిది ఎందుకు కాదు?
తెలియదు.
నల్లట్ట నోటుబుక్కులో తెలియదనే రాసి
కింద గీత గీసి
"మొదటి పట్టుబడయ్యాక మళ్ళీ చూడాలి" అని పెట్టుకున్నాను.

నసీమా అంతా ఒక్క సర్వరులోనే ఉండాలంది.
ప్రతి గట్టుకీ దాని బుర్ర దానికుండాలన్నాను.
ఆకివీడు స్టేషను ఎదుట టీకొట్లో రెండ్రోజులు పోట్లాడాం.
తేలలేదు.
తూముకి గోడ కట్టరు కదా ఎవరూ,
చెక్క పలకలు దింపుతారు,
నీటిని బట్టి ఒకటి తీస్తారు, రెండు వేస్తారు.
అలాగే బిగించాం, రెండే రెండు చెరువులకి,
రెండు మరలు తిప్పితే ఊడొచ్చేలా.

శ్రావణంలో ఎలక వైరు కొరికింది.
చెరువుకేం కాలేదు.
ఆరు చక్రాలూ తెల్లార్లూ వెర్రిగా నీళ్ళు చిలికాయి.
"మీ పెట్టెకి భయమెక్కువమ్మా" అన్నారు రాజుగారు,
బిల్లు చేతిలో పెడుతూ.
అవునండి. ఆ భయం నేను పెట్టిందే.

ఆశ్వయుజంలో వరసగా మూడో మబ్బు రోజు.
ఆ రాత్రి కరెంటే పోయింది.
పెట్టె తిరగమంది. తిరగడానికి ఏముంది?
జనరేటరులో అరగంట డీజిలు.
నేను గీసిన సంచి మీద డీజిలుకి గడి లేదు.

మంచం కింద నుంచి ఏడుకొండలు డబ్బా లాగాడు.
ఇరవై లీటర్లు.
"మొదటిరోజే మీ బొమ్మలో నేనెక్కడున్నానో
ఎతికానండి.
లేను.
అందుకే దాచా."

రెండో చెరువు దక్కింది.
మూడోదాన్లో సగం.
ఆ సగం సంగతి
రాజుగారు ఇప్పటికీ నాతో ఎత్తరు,
ఎత్తితే బాగుండునని నాకుంది.

పట్టుబడయ్యాక పేజీ తెరిచాను.
పది కొట్టేసి ఏడు రాశాను,
ఏడెందుకో కూడా రాశాను, సగం వరకు.
సంచి ఇంకా మకాంలోనే ఉంది,
దాని మీద ఎవరో మేత లెక్కలు వేశారు.

రాత్రి మూడింటికి మేమిద్దరం గట్టు మీద.
పెట్టె మీద పచ్చదీపం వెలుగుతూనే ఉంది,
అయినా టార్చి వేశాడు.
నీళ్ళ అడుగున ఎర్రటి కళ్ళు,
ఇక్కడో జత, అక్కడో గుంపు.
చాలాసేపు చూసి అన్నాడు,
"ఆయ్, బాగానే ఉన్నట్టున్నాయండి."

ఆ "ఉన్నట్టు"ని
ఏ గడిలో పెట్టాలో
నాకింకా తేలలేదు.